వసంతంలో గాలి, గడ్డమంచు: వాతావరణ సూచనను పొలం కోసం చదవడం ఎలా

ఫోన్‌లో వాతావరణం తెరవగానే అందరి కళ్లూ ఒకే అంకె మీద పడతాయి. రేపటి కనిష్ఠ ఉష్ణోగ్రత. మూడు డిగ్రీలని ఉంటే హమ్మయ్య అనుకుంటారు, సున్నా అని ఉంటే గడ్డమంచు, అంటే మొక్క మీద నీరు గడ్డకట్టేంత చలి, వస్తుందేమోనని టెన్షన్ మొదలు. తోట పూత మీద ఉన్నవాళ్లకు, అప్పుడే నారు నాటినవాళ్లకు ఆ ఒక్క అంకెతో పని జరగదు. నేను దాన్ని ఆఖర్న చూస్తాను. ముందు చూసేది గాలి. రాత్రి ఎన్ని గంటలకు పడిపోతుంది, పడిపోయాక ఆకాశం తేటగా ఉంటుందా, గాలిలో తేమ ఎంత ఉంది. ఈ మూడూ తెలిస్తే ఆ రాత్రి పడుకోవచ్చో, మేలుకోవాలో చాలావరకు తేలిపోతుంది.

వసంతకాలపు గాలితో మన వ్యవహారం తిక్కగా ఉంటుంది. పగలంతా దాన్ని తిట్టుకుంటాం. మందు కొట్టనివ్వదు, తేనెటీగల్ని ఎగరనివ్వదు, నేలలో తడి ఆర్పేస్తుంది. పొద్దు వాలాక అదే గాలి ఆగిపోతుందేమోనని బెంగ. ఈ రెండింటినీ కలిపి చూడటం అలవాటు చేసుకుంటే సూచన చదవడం సగం వచ్చినట్టే.

మూడు నెలల అంచనాను ఎంత నమ్మాలి

సీజన్ మొదట్లో వచ్చే అంచనాల్లో ‘ఈ వసంతం సాధారణం కంటే వెచ్చగా ఉండేందుకు 40 శాతం అవకాశం’ లాంటి మాట ఉంటుంది. చదవగానే వెచ్చని వసంతం ఖాయమైపోయినట్టు అనిపిస్తుంది. లెక్క అది కాదు. వెనకటి 30 ఏళ్ల వసంతాలను చల్లనివి, మామూలువి, వెచ్చనివి అని మూడు సమాన వాటాలు చేస్తారు. ఏమీ తెలియకపోయినా ఒక్కో వాటాకు 33 శాతం దక్కుతుంది. 40 అంటే మొగ్గు కాస్త అటువైపు ఉందని మాత్రమే. మిగతా 60 శాతం ఇంకా మామూలు, చల్లని వసంతాల వైపే ఉంది. పైగా అది మూడు నెలల సగటు. గడ్డమంచుకు సగటుతో పనిలేదు. సీజనంతా వెచ్చగా గడిచి ఒక్క తెల్లవారుజామున రెండు మూడు గంటలు చల్లబడితే చాలు, ఏడాది పంట చేజారిపోతుంది.

నిజానికి నాకు చల్లని వసంతం కన్నా వెచ్చని వసంతమంటేనే భయం ఎక్కువ. ముందే వచ్చిన వేడికి చెట్లు తొందరపడి మొగ్గ విప్పుతాయి. మొగ్గ ఎంత విచ్చుకుంటే చలికి అంత తేలిగ్గా చస్తుంది. 2007లో అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల్లో మార్చి అసాధారణంగా వెచ్చగా గడిచింది. ఏప్రిల్ మొదటి వారంలో ఉత్తరాది చలి దిగేసరికి పండ్ల తోటలు పూత మీద, గోధుమ కణుపుల మీద ఉన్నాయి. రెండూ దెబ్బతిన్నాయి. 2021లో ఫ్రాన్స్‌లోనూ ఇదే వరుస. మార్చి చివర్లో మంచి ఎండలు, ఏప్రిల్ మొదటి పదిరోజుల్లోనే గడ్డమంచు, ద్రాక్ష చిగుళ్లు, పండ్ల పూత మాడిపోవడం. ఆ రాత్రుల చలి గట్టిదే, కానీ నష్టానికి అది ఒక్కటే కారణం కాదు. మొక్క ముందుగా మేలుకోవడమే కొంప ముంచింది. కాబట్టి ‘వెచ్చని వసంతం’ అన్న అంచనా చూస్తే నేను మంచు నుంచి కాపాడే సామాను ముందే బయటికి తీస్తాను.

క్యాలెండర్లలో కనబడే ‘సగటు ఆఖరి మంచు తేదీ’ కూడా ఇలాంటిదే. సగటు అంటే దాదాపు సగం ఏళ్లలో ఆ తేదీ దాటాక కూడా మంచు పడింది అని అర్థం. నాణెం ఎగరేసి టమాటా నాటినట్టు అవుతుంది. లేత నారుకు, పదేళ్లలో ఒక్క ఏడాది మాత్రమే ఆఖరి మంచు దాటిపోయే తేదీ ఏదో కనుక్కుని దాన్ని పట్టుకోవాలి.

ఇక రోజువారీ సూచనలు. పది రోజుల ముందు కనబడే చలిని ‘రావచ్చు’ అనే లెక్కలో ఉంచి, పైపులు, కవర్లు, డీజిల్ సరిచూసుకోండి. ఐదో రోజుకు ఆ చలి ఇంకా సూచనలో నిలిచి ఉంటే నీళ్లు, గడ్డి కోత లాంటి పనులు ప్లాన్ చేయండి. రెండు రోజుల ముందు గంటగంటకీ గాలి, మబ్బు చూపే పట్టిక తెరవండి. ఆ రోజు సాయంత్రం మాత్రం ఫోన్ పక్కనపెట్టి మీ పొలంలో మీరే కొలవాలి. ఎలాగో కింద చెబుతాను.

గాలి ఆగితే వచ్చే చలి, గాలితో వచ్చే చలి

గడ్డమంచు రాత్రులు రెండు రకాలు. రెండింటికీ మందు వేరు. ఈ తేడా తెలియక డీజిల్, నీళ్లు దండగ చేసుకునేవాళ్లు చాలామంది.

మొదటి రకంలో గాలి నిలిచిపోతుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు. పగలు నేల తాగిన వేడి రాత్రంతా పైకి వెళ్లిపోతుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి కిందే కూర్చుంటుంది, పది పదిహేను మీటర్ల ఎత్తున గాలి వెచ్చగానే ఉంటుంది. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల గాలి వీచినా పై వెచ్చదనం కిందికి కలిసి మొక్క బతికిపోతుంది. అందుకే రాత్రి గాలి మన పక్షం అనేది. మబ్బు పట్టినా అంతే, నేల వేడి తొందరగా జారిపోదు.

రెండో రకంలో చలిని గాలే మోసుకొస్తుంది. దూరపు చల్లని గాలి మొత్తంగా ఆ ప్రాంతం మీదికి దిగుతుంది. పైనా చలే, కిందా చలే. పట్టపగలు కూడా సున్నా కిందికి వెళ్లవచ్చు. దీనికి తోటలో స్తంభాల మీద తిరిగే పెద్ద ఫ్యాన్లు పనికిరావు, ఎందుకంటే కిందికి దింపడానికి పైన వెచ్చదనమే లేదు. స్ప్రింక్లర్లయితే మేలు కన్నా కీడు ఎక్కువ. కవర్లు, గాలిని అడ్డుకునే కంచెలు కొంత ఆదుకుంటాయి. ముదిరిన చలి అయితే చేతులెత్తేయడమే.

వసంతంలో ఈ రెండూ తరచూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. సూచనలో ‘ఈదురుగాలులు, జల్లులు, ఆ తర్వాత పొడి వాతావరణం’ అన్న వరుస కనబడితే ఆగి చదవండి. జల్లులు వెళ్లిన తొలి రాత్రి గాలి హోరుమంటూనే ఉంటుంది, ఉష్ణోగ్రత పడినా గాలి కలుపుతూ ఉంటుంది. అందరూ ఆ రాత్రి మేలుకుని, తెల్లారి ఏమీ కాలేదని ఊపిరి పీల్చుకుంటారు. మర్నాడు గాలి పీడనం పెరుగుతుంది, ఆకాశం అద్దంలా తేటపడుతుంది, సాయంత్రానికి జెండా గుడ్డ వేలాడిపోతుంది. అసలు దెబ్బ ఆ రెండో రాత్రి. సూచనలో రెండో రాత్రి కనిష్ఠం మొదటి రాత్రి కన్నా ఒక డిగ్రీ ఎక్కువ చూపించినా సరే, నేను రెండో రాత్రికే ఎక్కువ మనుషుల్ని పెడతాను.

ఇంకో సంగతి. సూచనలో ఇచ్చే ఉష్ణోగ్రత నేలకు సుమారు ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తున, నీడపెట్టెలో కొలిచే గాలిది. గాలి లేని తేట రాత్రి గడ్డి మట్టంలో అంతకన్నా మూడు నుంచి ఐదు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. ‘కనిష్ఠం 3’ అని చూసి పడుకున్నవాళ్లు పొద్దున్నే తెల్లబడ్డ స్ట్రాబెర్రీ మడి చూసి సూచన తప్పిందంటారు. సూచన తప్పలేదు, అది చెప్పింది వాళ్ల మడి గురించి కాదు.

సాయంత్రం మీరే చేయాల్సిన కొలత

ముందు మీ థర్మామీటర్ నిజం చెబుతోందో లేదో చూడండి. ఒక గ్లాసు నిండా దంచిన మంచుగడ్డ వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, బాగా కలిపి థర్మామీటర్ ముంచండి. రెండు మూడు నిమిషాలకు సున్నా చూపాలి. ఒకటి చూపితే ఆ ఒకటి ఎప్పుడూ తీసేయాలి. థర్మామీటర్ మీద ఆ తేడా పెన్నుతో రాసి పెట్టండి. పూత చావడానికి, బతకడానికి మధ్య ఉండేది ఒక్కోసారి ఒకే ఒక్క డిగ్రీ.

తర్వాత తేమ. డ్యూ పాయింట్ అంటే గాలిలోని తేమ నీటిబొట్టుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. రాత్రి ఉష్ణోగ్రత పడుతూ పడుతూ డ్యూ పాయింట్‌ను తాకితే తేమ బొట్లు కడుతుంది, అలా కట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది, దాంతో పతనం నెమ్మదిస్తుంది. డ్యూ పాయింట్ ఐదారు డిగ్రీలుంటే ఆ రాత్రి సాధారణంగా భయం లేదు. సున్నాకు బాగా కిందుంటే ఉష్ణోగ్రతకు అడ్డూ ఆపూ ఉండదు.

దీన్ని పొలంలోనే తెలుసుకోవచ్చు. రెండు థర్మామీటర్లు తీసుకుని ఒకదాని బల్బుకు పల్చటి నూలు గుడ్డ చుట్టి శుభ్రమైన నీటితో తడపండి. ఎండ తగలని చోట అట్టముక్కతో రెండు నిమిషాలు గట్టిగా విసరండి. తడి బల్బు అంకె పడిపోయి ఒకచోట ఆగుతుంది. పొడిది 8, తడిది 7 చూపితే డ్యూ పాయింట్ దాదాపు 6. ఇంటికెళ్లి పడుకోవచ్చు. పొడిది అదే 8 ఉండి తడిది 3 చూపితే డ్యూ పాయింట్ మైనస్ 5 దగ్గర ఉంది. పైకి రెండూ ఒకేలా హాయిగా అనిపించే సాయంత్రాలు. రెండోది మాత్రం గాలి ఆగిందంటే తెల్లారేసరికి పూతను తినేస్తుంది. అలాంటి పొడి రాత్రుల్లో ఆకుల మీద తెల్ల మంచు కూడా కనబడదు, ఎండెక్కాక ఆకులు నల్లబడటమే కనబడుతుంది.

థర్మామీటర్లను ఇంటి గోడకు కాక పొలంలో అన్నిటికన్నా పల్లమైన చోట, మొగ్గ ఉన్న ఎత్తులో పెట్టండి. ఫోన్‌కు అలారం పంపేవి దొరికితే మేలు. అన్నిటికన్నా విలువైనది ఒక నోటుబుక్. తేట రాత్రుల్లో సూచన ఎంత చెప్పింది, మీ పల్లంలో ఎంత వచ్చింది, రాస్తూ పొండి. ఒక సీజన్ గడిచేసరికి ‘సూచనలోంచి ఇంత తీసేయాలి’ అనే మీ సొంత అంకె తయారవుతుంది. ఏ యాప్ కూడా ఆ అంకె ఇవ్వలేదు.

చలి ఎక్కడ ఆగుతుందో చూసుకోండి

చల్లని గాలి బరువెక్కువ. వాలు ఉన్న పొలంలో నీళ్లలాగే కిందికి జారి, అడ్డు తగిలినచోట నిలుస్తుంది. కింది గట్టు మీద దట్టంగా పెరిగిన కంచె, రోడ్డు కట్ట, పేర్చిన పెట్టెలు, ఏదైనా సరే. పల్లపు మూల ఎప్పుడూ ముందు మాడుతోందంటే దానికి కింది వైపు ఏం అడ్డుందో వెతకండి. కంచెలో కింది నుంచి మీటరు ఎత్తు దాకా కొమ్మలు కోసి దారి ఇస్తే చలి బయటికి పోతుంది. అదే కంచె పై గట్టున ఉంటే మంచిదే, మెరక నుంచి జారే చలిని పక్కకు మళ్లిస్తుంది. కొత్తగా తోట వేసేవాళ్లు ముందుగా పూసే రకాలను పల్లంలో పెట్టకండి. దీన్ని తర్వాత ఏ యంత్రమూ సరిదిద్దలేదు.

ఏ పంట ఎంత ఓర్చుకుంటుంది

ఆపిల్ మొగ్గ కొన వెండి రంగుకు వచ్చిన దశలో మైనస్ 9 దాకా వెళ్తేగానీ పదో వంతు మొగ్గలు పోవు. ఆకు పచ్చ కొన కనబడగానే ఆ హద్దు మైనస్ 8 దగ్గరకు వస్తుంది. మొగ్గ గులాబీ రంగుకు తిరిగిన దశ నుంచి నిండు పూత దాకా సుమారు మైనస్ 2.2కే పదో వంతు పోతుంది. మైనస్ 3.9కి తొంభై శాతం తుడిచిపెట్టుకుపోతుంది. ఇవి అరగంట సేపు ఆ చలిలో ఉంటే జరిగే నష్టం లెక్కలు. నిండు పూతలో పదో వంతు పోవడం పెద్ద నష్టమేమీ కాదు, బాగా పూసిన ఆపిల్ చెట్టుకు పూతలో పదో వంతు నిలిచినా కాపు సరిపోతుంది. కాబట్టి మైనస్ 2 దగ్గర గాభరా పడక్కర్లేదు, మైనస్ 3 దాటకుండా చూసుకోవాలి.

గోధుమ సంగతి వేరు. పిలకల దశలో ఎదిగే మొన నేల లోపల దాక్కుని ఉంటుంది, మైనస్ 11 దాకా తట్టుకుంటుంది. కణుపులు వేశాక మైనస్ 4, పొట్ట దశలో మైనస్ 2, కంకి బయటికి వచ్చాక మైనస్ 1 కూడా ప్రమాదమే. టమాటా, బీన్స్, దోస జాతి నారు పోవడానికి సున్నా కిందికి దిగితే చాలు. బంగాళదుంప ఆకు మాడినా కింది నుంచి మళ్లీ చిగురిస్తుంది. బఠాణీ, క్యాబేజీ, ఉల్లి గట్టివి, వాటికోసం రాత్రి మేలుకోకండి.

ముందురోజు చేసే పనులే ఎక్కువ కాపాడతాయి

ఖరీదైన యంత్రాల గురించి అడిగేవాళ్లే గానీ నేల గురించి అడిగేవాళ్లు తక్కువ. తడిసి, గట్టిగా, గడ్డి లేకుండా ఉన్న నేల పగటి వేడిని బాగా దాచుకుని రాత్రి నెమ్మదిగా ఇస్తుంది. ఎండిపోయిన నేల, అప్పుడే దున్ని గుల్ల చేసిన నేల దాచుకోలేవు. చలి రాత్రికి ఒకటి రెండు రోజుల ముందు పై అడుగు మందం తడిసేలా నీళ్లు పెట్టండి. చెట్ల మధ్య గడ్డిని నేలబారుగా కోసేయండి. మంచు సూచన ఉన్న వారంలో దున్నకం, కలుపు గుంటక వద్దు. గడ్డి, పొట్టు మల్చింగ్ పరిచి ఉంటే అది నేల వేడిని కింద బంధిస్తుంది, పైనున్న మొక్కకు అందనివ్వదు. వీలైతే వరుసల మధ్య పక్కకు లాగండి.

కవర్లు వేసేవాళ్లు నేల ఇంకా వెచ్చగా ఉండగానే, పొద్దు గుంకక ముందే వేయాలి. పల్చటి నాన్‌వోవెన్ (నేత లేని) గుడ్డ ఒకటి రెండు డిగ్రీల రక్షణ ఇస్తుంది. మామూలు పల్చటి పాలిథిన్ అంత పని చేయదు, నేల నుంచి వెళ్లే వేడిని అది సులభంగా వదిలేస్తుంది. కవరు ఆకుకు తగలకుండా కమానులు పెట్టండి, తగిలినచోట ఆకు మాడుతుంది. అంచుల్ని రాళ్లతో కాదు, మట్టితో పొడవునా పూడ్చండి. ముందు వచ్చే ఈదురుగాలికి ఒక్క మూల లేచిందంటే మొత్తం పట్టుకుపోతుంది.

రాత్రి: నీళ్లు, ఫ్యాన్లు, మంటలు

స్ప్రింక్లర్ పద్ధతి వింతగా కనబడుతుంది, మొగ్గను మంచులో ముంచి మొగ్గను కాపాడటం. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 334 జౌళ్ల వేడి వదులుతుంది. నీరు పడుతూ, గడ్డకడుతూ ఉన్నంతసేపూ మొగ్గ సున్నా దగ్గరే ఆగుతుంది. ఇందులో మెలిక ఆవిరి దగ్గర ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 2,500 జౌళ్లు లాక్కుంటుంది. అంటే ఒక గ్రాము ఆవిరి చేసిన నష్టాన్ని పూడ్చడానికి ఏడున్నర గ్రాములు గడ్డకట్టాలి. పొడి గాలి వీచే రాత్రి స్ప్రింక్లర్ పెట్టినవాళ్లకు పెట్టనివాళ్లకన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇందుకే.

అందుకని ఎప్పుడు తిప్పాలన్నది పొడి థర్మామీటర్ చూసి కాదు, తడి గుడ్డ థర్మామీటర్ చూసి తేల్చుకోవాలి. నీళ్లు పడటం మొదలైన క్షణంలో మొక్క ఆ తడి బల్బు అంకెకు పడిపోతుంది. అది మీ పంట ఓర్చుకునే హద్దుకు ఇంకా పైన ఉండగానే మొదలుపెట్టాలి. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. పొద్దున సూర్యుడు వచ్చాడని ఆపకండి, తడి బల్బు సున్నా దాటి, మంచు తనంతట తాను కరిగి ఊడిపడుతున్నప్పుడు ఆపండి.

నీళ్లు లెక్క చూసుకుని దిగండి. గంటకు మూడు మిల్లీమీటర్లంటే హెక్టారుకు 30,000 లీటర్లు. ఎనిమిది గంటల రాత్రికి 2,40,000 లీటర్లు. నాలుగు గంటలకు బావి వట్టిపోతే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. సగం తోటకే సరిపోతే సగానికే పెట్టండి. అర్ధరాత్రి టార్చి వేసి కొమ్మ మీది మంచును చూడండి. గాజులా పారదర్శకంగా ఉండి కొనన బొట్టు వేలాడుతుంటే నీళ్లు సరిపోతున్నాయి. పాలలా తెల్లగా, బొట్టు లేకుండా ఉంటే సరిపోవట్లేదు. అలాంటి చోట మొగ్గ లోపల చచ్చిపోతూ ఉంటుంది.

ఫ్యాన్లు పది మీటర్ల స్తంభం మీద తిరిగి పై వెచ్చని గాలిని కిందికి దింపుతాయి. ఒక్కొక్కటి నాలుగైదు హెక్టార్లకు సరిపోతుంది. కొనే ముందు పది మీటర్ల కర్రకు థర్మామీటర్ కట్టి, గాలి లేని తేట రాత్రుల్లో పైకీ కిందికీ తేడా చూడండి. తేడా ఒక డిగ్రీ కూడా లేని చోట ఫ్యాను కొనడం అనవసరం. గాలితో వచ్చే చలిలో దాన్ని తిప్పకండి.

మంటల విషయంలో పాత నమ్మకం ఒకటి ఇంకా పోలేదు, పొగ పెడితే మంచు పడదని. పొగలోని రేణువులు చాలా సన్నవి, నేల నుంచి పైకి పోయే వేడిని అవి ఆపలేవు. పైగా పొద్దున్నే రావలసిన ఎండను అడ్డుకుంటాయి, పక్కవాళ్లకు ఊపిరాడనివ్వవు. పనిచేసేది వేడి. అదీ పెద్ద మంట ఒకటి కాదు, చిన్న మంటలు చాలా. పెద్ద మంట వేడి గాలిని ఒక్కసారిగా పైకి తోసేసి చుట్టుపక్కల చల్లని గాలిని లాక్కొస్తుంది. తగలబెట్టే ముందు మీ ప్రాంతంలో నిబంధనలు కనుక్కోండి.

పగటి గాలి

సూచనలో ఇచ్చే గాలి వేగం పది మీటర్ల ఎత్తున కొలిచేది, అదీ సగటు. దాని పక్కనే ఉండే విసురు వేగాన్ని చూడండి, నష్టం చేసేది అదే. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగింతలవుతుంది. 30 నుంచి 60కి పెరగడం చిన్న మార్పు కాదు.

మీటరు లేనివాళ్లకు 1805లో ఫ్రాన్సిస్ బీఫోర్ట్ అనే నౌకాదళ అధికారి వేసిన కొలమానం ఇప్పటికీ చక్కగా ఉపయోగపడుతుంది. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. ఆకులు, సన్నటి రెమ్మలు ఆగకుండా ఊగితే 12 నుంచి 19. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తే 20 నుంచి 28. చిన్న చెట్లు మొత్తం ఊగితే 29 నుంచి 38.

మందు కొట్టడానికి నేను కోరుకునేది ఆకులు గలగలమనే గాలి. దుమ్ము లేచేటప్పుడు ఎలాగూ ఎవరూ కొట్టరు. ప్రమాదం అసలు గాలి లేనప్పుడే. గడ్డమంచు పడిన తెల్లవారుజామున ‘గాలి లేదు కదా’ అని కలుపుమందు కొట్టడానికి దిగేవాళ్లున్నారు. కింద చల్లగా, పైన వెచ్చగా ఉన్న గాలిలో సన్నటి తుంపర పైకి కలవదు, కిందికి దిగదు. అలాగే తేలుతూ పల్లంలో ఉన్న పక్క పొలం దాకా పోతుంది. సూర్యుడు వచ్చి గాలి కాస్త కదిలేదాకా ఆగండి. మధ్యాహ్నం వద్దు, నేల వేడెక్కాక పైనున్న వేగమైన గాలి కిందికి దిగి వసంతంలో మధ్యాహ్నాలే ఎక్కువ హోరెత్తుతాయి. ఎండెక్కాక, మధ్యాహ్నం కాకముందు నా లెక్కలో మంచి వేళ.

తేనెటీగలు పది డిగ్రీల కింద పెద్దగా బయటికి రావు. దుమ్ము లేపే గాలి ముదిరితే అవి గూడు దగ్గరే తచ్చాడతాయి. పూత వారంలో గాలి రోజులు ఎక్కువ చూపిస్తే పెట్టెలను తోట లోపల, గాలి మరుగున పెట్టించండి. నారు నాటడం గాలి తగ్గిన సాయంత్రానికి వాయిదా వేయండి. ఇసుక నేలల్లో ఎగిరే రేణువులే లేత కాండాన్ని గీరి చంపుతాయి, అక్కడ వరుసల మధ్య ఓ సాలు బార్లీలాంటిది ముందుగా చల్లి పెట్టుకుంటే అడ్డుగా ఉంటుంది.

గాలికి అడ్డం కట్టాలనుకునేవాళ్లు గోడ కట్టకండి. గోడ దాటిన గాలి అవతల సుడి తిరిగి మరింత కొడుతుంది. సగం గాలిని పోనిచ్చే చెట్ల వరుస మేలు, తన ఎత్తుకు పదింతల దూరం దాకా బాగా కాపాడుతుంది. వాలుకు అడ్డంగా, పల్లం వైపు దట్టంగా వేస్తే మాత్రం అదే రాత్రి చలికి ఆనకట్ట అవుతుంది.

తెల్లారాక

మంచు పడిన పొద్దున చెట్టు దగ్గరికి పరుగెత్తి లాభం లేదు. చచ్చిన మొగ్గ కూడా కొన్ని గంటలు పచ్చగానే ఉంటుంది. మధ్యాహ్నం దాకా, వీలైతే మర్నాటి దాకా ఆగి, కొత్త బ్లేడుతో మొగ్గను అడ్డంగా కోయండి. నడిమధ్య అండాశయం లేత పచ్చగా ఉంటే బతికింది. గోధుమ రంగుకో నలుపుకో తిరిగితే పోయింది. చుట్టూ రేకులు చక్కగా ఉండి మధ్య చుక్క నల్లగా ఉండటం తరచూ చూస్తాం, రేకుల్ని చూసి మోసపోకండి. పల్లంలో, మెరకలో, చెట్టు కింది కొమ్మల్లో, పై కొమ్మల్లో విడివిడిగా ఒక్కోచోట వంద మొగ్గలు కోసి లెక్క రాయండి. కింది కొమ్మలు సగం పోయి పై కొమ్మలు బతికి ఉండటం మామూలు. అలాంటప్పుడు మొగ్గల పలచన పనులన్నీ ఆపి, ఉన్నవాటిని నిలబెట్టుకోవాలి.

గోధుమకు ఇంకా ఓపిక కావాలి. వారం రోజులు ఆగి కాండాన్ని నిలువునా చీల్చి ఎదిగే మొనను చూడండి. తెల్లగా, బిగువుగా ఉంటే మంచిదే. మెత్తబడి నీరుకారితే ఆ పిలక పోయినట్టు, పక్క పిలకల్ని చూడండి. మాడిన కొమ్మల్ని, ద్రాక్ష తీగల్ని వెంటనే కత్తిరించకండి, పక్క కళ్లు ఎక్కడి నుంచి పొడుస్తాయో తేలేదాకా. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఏ పనీ మొదలుపెట్టకముందే తేదీ కనబడేలా ఫోటోలు తీసి, థర్మామీటర్ అంకెలు రాసిన నోటుబుక్ పేజీని కూడా ఫోటో తీసి పెట్టుకోండి.